ఏ మందైనా తట్టుకునే సోయా

నిజం తెలుసుకోవడం వల్ల మనిషికి ఒరిగేదేమీ లేదు. ముఖ్యంగా సోయా విత్తనం గురించి!

ఈ మాట తొందరపడి అనడం లేదు. పదిహేడేళ్లుగా ఈ పత్రికలో వారం వారం నాకు తెలియని విషయాల మీద ధైర్యంగా రాస్తున్న అనుభవంతో అంటున్నాను. తోకచుక్కల మీద రాశాను, కీళ్లనొప్పుల మీద రాశాను, సముద్రం అడుగున దొరికే ఇనుము మీద మూడు వారాలు వరసగా రాశాను. తెలియకపోవడం ఒక్కనాడూ నాకు అడ్డు రాలేదు. తెలిసుంటేనే ఇబ్బంది. తెలిసినవాడు "అయితే", "కాకపోతే", "కొన్ని సందర్భాల్లో" అంటూ నసుగుతాడు. ఆ నసుగుడుతో అరపేజీ నిండుతుందా?

కలుపు మందును తట్టుకునే సోయా అని ఒకటుంది. పొలంలో మందు కొడితే కలుపు చస్తుంది, సోయా నిలబడుతుంది. సంగతి ఇంతే. ఇంత చిన్న సంగతి చుట్టూ మన జనం ఎన్ని అపోహలు పెంచి పెద్ద చేశారో తలుచుకుంటే నా ఛాతీ ఉప్పొంగుతుంది. అవే లేకపోతే నలుగురం కూర్చుని ఏం మాట్లాడుకుంటాం? ఎండల గురించి ఎంతసేపని మాట్లాడుకుంటాం?

మా వీధి చివర సెలూన్ ఆయన్నే తీసుకోండి. ఆ సోయాతో చేసిన పాలు తాగితే మగవాళ్లకి గడ్డం మొలవదని ఆయన గట్టి నమ్మకం. అదెలాగయ్యా అని అడిగితే, సబ్బు నురగ నా ముక్కులోకి పోయేంత ఆవేశంగా చెప్పాడు.

"సింపుల్ సార్! ఆ గింజలో కలుపుని చంపే విషం ఉంటుంది. గడ్డం అంటే ఏంటి? ముఖం మీద కలుపే కదా! ఇంకో రెండేళ్లు పోతే నేను షాపు మూసుకోవాల్సిందే. మీరు పేపర్లో కాస్త గట్టిగా రాయాలి సార్."

ఆ గింజ ఏ విషమూ తయారు చెయ్యదు, ఆ మొక్క ఎవర్నీ చంపదు, మనం కొట్టిన మందుకి తాను చావకుండా ఉంటుంది, అంతే. కానీ గొంతు మీద కత్తి ఉన్నప్పుడు శాస్త్రం మాట్లాడడం మర్యాద కాదు. రాస్తానన్నాను. ఆ సంతోషంలో ఆయన నా మీసాలు కూడా ఉచితంగా సరిచేశాడు. నిజం చెప్పుంటే ఈ లాభం దక్కేదా?

ఎదురింటి లెక్కల టీచరమ్మ ఇంకో నాలుగాకులు ఎక్కువ చదివింది. కిరాణా షాపుకెళ్లి "నాకు జన్యువులున్న సోయా వద్దు, జన్యువులు లేనిది ఇవ్వండి" అని భీష్మించుకు కూర్చుంది. ప్రతి మొక్కకీ, ప్రతి పురుగుకీ, ఆవిడకీ, నాకూ జన్యువులున్నాయని చెప్పడానికి షాపాయన నోరు తెరిచాడు. మళ్లీ మూసేశాడు. గడుసువాడు! మర్నాడు ఉప్పు ప్యాకెట్ల మీద "ఇందులో జన్యువులు లేవు" అని స్టిక్కర్లు అంటించాడు. మా వీధి మొత్తానికి అక్షరాలా నిజమైన ప్రకటన అదొక్కటే.

ఇక మా ఆఫీసులో ప్రూఫులు దిద్దే పెద్దాయన ఉన్నారు. కామా పడిపోతే నిద్రపోని మనిషి. ఆ సోయా గింజ దాచి మళ్లీ విత్తితే మొలవదని, అది గొడ్డు గింజ అని ఆయన కంటతడి పెట్టుకుని మరీ చెబుతారు. ఆ కన్నీళ్లు చూసి నేనూ చలించిపోయి మా అక్కకి ఫోన్ చేశాను.

అక్క సంగతి చెప్పాలి. అక్కకీ బావగారికీ పాతికెకరాల పొలం ఉంది. పన్నెండెకరాల్లో సోయా, మిగతాదాంట్లో మొక్కజొన్న. పొలం పని అక్క చూసుకుంటుంది, అభిప్రాయాలు బావగారు చూసుకుంటారు.

"మొలవకపోవడమేంట్రా?" అంది అక్క. "పోయినేడు కోతలో రాలిన గింజలు ఈ ఏడు మొక్కజొన్నలో మొలిచి నా ప్రాణం తీశాయి. మామూలుగా కొట్టే మందుకి చావవు కదా, వేరే మందు తెచ్చేదాకా వంగి చేత్తో పీకాల్సొచ్చింది. దాచుకుని వేసుకోకూడదని కొనేటప్పుడు సంతకం పెట్టించుకుంటారు, అంతవరకే. ఆ సంతకం సంగతి గింజకి తెలీదుగా!"

ఈ మాట పెద్దాయనకి చెప్పలేదు. ఆ వయసులో ఆయనకున్న ఒక్కగానొక్క దుఃఖాన్ని లాక్కోవడానికి మనసెలా ఒప్పుతుంది?

బావగారి అపోహలు మాత్రం వేరే స్థాయిలో ఉంటాయి. ఈమధ్య కలుపులో కొంత మందుకి లొంగడం లేదని అక్క అంటే, ఆయన కారణం క్షణంలో చెప్పేశారు.

"సోయా పక్కనే పెరుగుతోంది కదటోయ్! చూసి చూసి అదీ ఆ విద్య నేర్చేసుకుంది."

"కలుపు ఏమీ నేర్చుకోదు," అంది అక్క. "వేలల్లో ఒకటి పుట్టుకతోనే మొండిది. ఏటా అదే మందు కొడుతుంటే మిగతావన్నీ పోయి, దాని పిల్లలే పొలమంతా నిండుతున్నాయి. అందుకే మందు మార్చి మార్చి కొట్టాలి, కొంత చేత్తో తియ్యాలి అంటున్నా."

"నేనన్నదీ అదే!" అన్నారు బావగారు, పేపర్ తిప్పుతూ. ఇంత సంతృప్తి నిజం తెలిసినవాళ్ల ముఖంలో మీరెప్పుడైనా చూశారా? అక్క ముఖంలో నేను చూడలేదు.

అయితే ఇవన్నీ చిల్లర అపోహలు. వీటన్నిటికీ తలమానికం లాంటిది ఒకటుంది. వినయం అడ్డొస్తున్నా చెప్పక తప్పదు. దాన్ని కన్నది నేనే!

విత్తనాల సీజన్ మొదట్లో ఎడిటర్ గారు ఫోన్ చేశారు. సాయంత్రంలోగా సోయా మీద అరపేజీ కావాలన్నారు. అక్కకి ఫోన్ కొట్టాను. ఎత్తలేదు, ట్రాక్టర్ మీద ఉంది. ఒక్క గంట ఆగితే ఎత్తేది. ఆగడం నా వృత్తిలో లేదు. కుర్చీ ముందుకు లాక్కుని రాసేశాను: "ఇక రైతు గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోవచ్చు. ఈ సోయా ఏ కలుపు మందునైనా తట్టుకుంటుంది. డబ్బాల మీద పేర్లు చదువుకునే రోజులు పోయాయి!"

చివరి వాక్యం రాశాక నాకే ముచ్చటేసింది. రెండుసార్లు పైకి చదువుకున్నాను. నలభై ఉత్తరాలొచ్చాయి. ఒక్కటీ తప్పు పట్టలేదు. బావగారైతే ఆ ముక్క కత్తిరించి మందులు పెట్టే గది తలుపు లోపలివైపు అంటించారు.

అక్క చూసి నవ్విందట. "మందుకీ మందుకీ తేడా ఉంది. మన విత్తనాల సంచి మీద ఒక్క మందు పేరే రాసుంది. దాన్ని చింపేయండి," అందట.

"అచ్చులో వచ్చింది అబద్ధం ఎలా అవుతుందే? అదీ నీ సొంత తమ్ముడు రాసింది!" అన్నారట బావగారు.

చూశారా, అపోహ బంధుత్వాల్ని ఎంత గట్టిగా నిలబెడుతుందో!

తర్వాత అక్క మోకాలు చూపించుకోడానికి ఆసుపత్రికెళ్లి రెండు రోజులు అక్కడే ఉండాల్సి వచ్చింది. సోయా జానెడు ఎత్తుంది, కలుపు లేస్తోంది. ఎడమ అరలో డబ్బాలోది మాత్రమే కొట్టమని చీటీ రాసి మరీ వెళ్లింది. బావగారు చూస్తే ఆ డబ్బా అడుగంటింది. పక్క అరలో మొక్కజొన్న కోసం తెచ్చిన ఇంకో మందు నిండుగా ఉంది. చేతిలో అక్క చీటీ, కళ్లెదుట తలుపు మీద నా వ్యాసం. చీటీ చేతిరాత, వ్యాసం అచ్చు. మీరైతే దేన్ని నమ్ముతారు?

బావగారు పన్నెండెకరాలూ ఒక్క పూటలో కొట్టేశారు. అంత హుషారుగా ఆయన పొలం పని చేయడం ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి అని అక్క తర్వాత చెప్పింది.

పది రోజులకి నన్ను రమ్మంది. ఎందుకో చెప్పలేదు. గట్టు మీద నిలబడి చూశాను. సోయా కాడలు మెలికలు తిరిగి నేల మీద పడున్నాయి. ఆకులు దోసిలి పట్టినట్టు ముడుచుకుని ఎండిపోతున్నాయి. మధ్యలో గడ్డి మాత్రం నవనవలాడుతూ మోకాలెత్తు లేచింది! మొక్కజొన్న కూడా ఓ రకం గడ్డే కాబట్టి, దానికి తెచ్చిన మందు గడ్డి జోలికి పోదట. కాపాడాల్సినదాన్ని చంపి, చంపాల్సినదాన్ని కాపాడింది. ఒక్క వాక్యం ఇంత పని చేస్తుందని నాకే తెలియదు.

అక్క ఒక మొక్క పీకి నా చేతికిచ్చింది.

"దీని లోపల ఓ పనివాడు ఉంటాడనుకో. మనం మామూలుగా కొట్టే మందు వాడి చేతులు కట్టేస్తుంది. పనాగిపోయి మొక్క చస్తుంది. మన విత్తనంలో పెట్టిన జన్యువు ఇంకో పనివాణ్ణి తెచ్చిపెడుతుంది. వాడి చేతులు ఆ మందుకి దొరకవు. ఆ ఒక్క మందుకే. ఇంకో మందు ఇంకో చోట దెబ్బకొడితే వాడేం చేస్తాడు పాపం? రెండు మూడు మందులు తట్టుకునే విత్తనాలూ ఉన్నాయి. మనం వేసింది అది కాదు."

ఎంత తేలిగ్గా చెప్పింది! ఆ రోజు గంట ఆగుంటే ఇదే మాట ఫోన్లో చెప్పేది.

"నాకు తెలీదక్కా," అన్నాను.

"నీకు తెలీదని నాకు తెలుసురా. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాగా. తెలీదని ఒక్క ముక్క రాయలేకపోయావా?"

తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది, వచ్చే వారానికి ఓ వ్యాసం అయ్యేది. మళ్లీ విత్తుకునే అదను దాటిపోయింది. మోకాలి ఆపరేషన్ సంగతేమిటని అడిగాను. కోత డబ్బులు చేతికొచ్చాక చేయించుకుంటానని డాక్టర్‌కి చెప్పొచ్చింది మరి.

"ఏ కోత?" అంది అక్క, పొలంకేసి చూస్తూ. తర్వాత నా భుజం మీద చెయ్యి ఆనించి గట్టు దిగింది. కాలు ఈడుస్తూ నా ముందు నడుస్తుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

బావగారు వాకిట్లో బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నారు. నన్ను చూసి లేచొచ్చి చెయ్యి పట్టుకున్నారు.

"నువ్వు బెంగపెట్టుకోకోయ్. నీ వ్యాసంలో తప్పు లేదు. ఆ మందే కల్తీదై ఉంటుంది!"

అక్క తిట్టని తిట్లన్నీ ఆ ఒక్క మాటలో తగిలాయి నాకు. పన్నెండెకరాలు ఎండినా ఎండనిది ఆయనకి నా మీద ఉన్న నమ్మకం ఒక్కటే. ఏ మందైనా తట్టుకునేది అదే అయ్యుండాలి.

తిరిగొచ్చి నేరుగా ఎడిటర్ గారి గదికెళ్లాను. తప్పు రాశాను, సవరణ వేయండి అన్నాను.

"సవరణా? ఏడో పేజీలో మూడు లైన్లు, అదీ చోటుంటే," అన్నారాయన. "అయినా ఎవరు చదువుతారండీ? అదే వ్యంగ్యంగా రాయండి, అపోహలే మేలని పొగుడుతూ. అరపేజీ ఇస్తా, బొమ్మ కూడా వేయిస్తా!"

అబద్ధానికి అరపేజీ, నిజానికి మూడు లైన్లు! అందుకే ఈ పొగడ్తలన్నీ. రాసింది మొత్తం నిన్న అక్కకి ఫోన్లో చదివి వినిపించాను. ఓపిగ్గా వింది.

"బాగానే ఉందిరా. సంచి మీద ఏ మందు పేరుంటే అదే కొట్టాలన్న ముక్క మాత్రం మొదట్లో పెట్టు. మీ బావగారు మొదటి రెండు ముక్కలు దాటి చదవరు."

మొదట్లో పెడితే ఎవరూ చదవరంటారు ఎడిటర్ గారు. చివర్లో పెడితే చదవాల్సినవాళ్లు ఇక్కడిదాకా రారంటుంది అక్క. ఇద్దరూ చెప్పింది నిజమే, నా ప్రాణానికి.

పాఠకులారా, ఇంతదూరం చదివారంటే మీకు ఈ హెచ్చరికతో పని లేదు. పని ఉన్నాయన "నిజం తెలుసుకోవడం వల్ల మనిషికి ఒరిగేదేమీ లేదు" అన్న చోటే తృప్తిగా పేపర్ మడిచేసి, ఈపాటికి పొలం గట్టు మీద ఏదో ఒక డబ్బా మూత తిప్పుతూ ఉంటారు. మీలో ఎవరైనా కాస్త పరిగెత్తుకెళ్లి ఆయన్ని ఆపండి!