ఇంగ్లీషు గుంత, ఐరేని కుండలు

ఆ ఉదయం వీరేందర్‌కు ఉన్నది ఒక్కటే పని. మర్నాడు చెల్లెలు ప్రియదర్శిని పెళ్లి. తల్లి శివమ్మను శంషాబాద్ నుంచి ఆటోలో మామిడిపల్లి తీసుకెళ్లి, కుమ్మరి కుర్మయ్య ఇంటి నుంచి ఐరేని కుండలు తేవాలి. సున్నం, జాజు పూసి పెళ్లిలో పూజించే ఆ కుండలు ఇల్లు చేరందే పెళ్లి పని ముందుకు కదలదు.

ఎయిర్‌పోర్టు వచ్చి ఏడాదైనా ఈ లోపలి దారికి దాని గాలి సోకలేదు. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా శివమ్మ దారిని తిట్టింది. బడిలో ఇంగ్లీషు చెప్పే వీరేందర్‌కు ఊరుకోవడం చేతకాదు.

“అమ్మా, గీ గుంతను ఇంగ్లీషుల పాట్‌హోల్ అంటరు. పాట్ అంటే కుండ. ఎన్కట ఇంగ్లాండుల కుమ్మరోళ్లు మట్టి కోసం రోడ్డు తవ్విన్రట, అట్ల ఆ పేరొచ్చిందని ఒక కథ. కాదు, పాత ఇంగ్లీషుల పాట్ అంటే లోతు గుంతేనని చదువుకున్నోళ్లు అంటరు.”

“ఏదన్న గానీ కొడుకా, నా నడుం ఇరుగుతుంది.”

డ్రైవర్ బాలమల్లు మాత్రం అంతా శ్రద్ధగా విన్నాడు. మామిడిపల్లి చేరాక, కుర్మయ్యకు పెట్టుబట్టలు కొనడానికి తల్లీకొడుకులు దుకాణంలోకి వెళ్లగానే, పక్కనున్న చాయ్ హోటల్లో ఆ కథ విప్పాడు. అతని నోట్లో ఇంగ్లాండు జారిపోయి కుమ్మరోళ్లు మిగిలారు. రెండో చాయ్‌కి ఆ కుమ్మరి కుర్మయ్యే అయ్యాడు. మొన్ననే గుంతలో బండి మీంచి పడ్డ ముత్తయ్య, కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ లేచాడు. వెంట పదిమంది కదిలారు.

తల్లీకొడుకులు వెళ్లేసరికి కుర్మయ్య వాకిట్లో జనం, ఇంటికి మూసిన తలుపు.

“నేను రోడ్డు తవ్విన్నని సారే చెప్పిండట గదా! ఇగ కుండలు ఆ రోడ్డునే అడుక్కోమనున్రి!” అని లోపలి నుంచి కేక.

శివమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. “ఐరేని లేకుంటే రేపు పిల్ల పెండ్లి ఎట్లయితదిరా? నీ ఇంగ్లీషు మన్నువడ!”

వీరేందర్ తలుపు ముందు చేతులు జోడించాడు. “కుర్మయ్య మామా, నిన్ను గాదు! అది ఇంగ్లాండు కుమ్మరోళ్ల ముచ్చట. రోడ్డు గుంతకు వాళ్ల కుండ పేరు పెట్టిన్రని అక్కడ చెప్పుకుంటరు.”

కాసేపటికి తలుపు తెరుచుకుంది.

“ఆ దేశంల గూడ మావోళ్లున్నరా?”

“ఉన్నరు మామా.”

“తెల్లోళ్లు మా పని జూసి పేరు పెట్టుకున్నరా!”

ముత్తయ్య కట్టు చెయ్యి మెల్లగా దించేశాడు. కుర్మయ్య తన భార్య రాములమ్మను పిలిచి, వీరేందర్ చేత కథంతా మళ్లీ మొదటి నుంచి చెప్పించాడు. “అది ఉట్టి కథనే మామా” అని వీరేందర్ గొణిగితే ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత కుండలు బయటికొచ్చాయి. తెల్లటి సున్నం మీద ఎర్రటి జాజు గీత ఒక్కచోట కూడా వణకలేదు. కొట్లాటకొచ్చిన వాళ్లే నోళ్లు తెరుచుకుని చూశారు. నిజం ఒప్పుకోవాలి, ఆ చుట్టుపక్కల అంత అందమైన కుండ మరో చేతిలో పుట్టదు. శివమ్మ వాటికి అక్కడే దండం పెట్టుకుంది.

పెట్టుబట్టలు అందుకున్న కుర్మయ్య, పెద్ద కుండను తానే ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కాడు. గుంత కనిపించిన ప్రతిచోటా బాలమల్లు భుజం తట్టాడు.

“జర మెల్లగ పోనియ్యి, మావోళ్లది.”

శంషాబాద్ చేరేదాకా ఆయన చుట్టాలకు కొదవ లేకపోయింది.