టేపు తెచ్చిన బడి

ఇట్లా దగ్గరికి జరగండి. ఆ గుమ్మం పక్కన కూర్చున్నవాళ్లు కూడా లోపలికి రండి. ఇది కేకలేసి చెప్పే కథ కాదు, ఆనుకుని కూర్చుని వినే కథ.

కొండ కింది పట్నంలో ముకుందం అని ఒకాయన ఉండేవాడు. పురపాలక సంఘం ఆఫీసులో ప్లాన్లు గీసే ఉద్యోగం. నుదుట సన్నటి తిరుచూర్ణం, చెవి వెనక పెన్సిలు. ఈ రెండూ లేకుండా ఆయనను కట్టుకున్న కల్యాణవల్లి కూడా చూసి ఎరుగదు. ఇరవై ఏళ్లుగా ఆయన గీసినవన్నీ నీళ్లతొట్లు, మరుగుదొడ్లు. అట్లాంటి మనిషికి పంతొమ్మిది వందల ఎనభై రెండో సంవత్సరం ఎండాకాలంలో అదృష్టం తలుపు తట్టింది. పట్నం నడిబొడ్డున చిన్నపిల్లలకు కొత్త బడి కట్టాలని తీర్మానమైంది, ప్లాను గీయమని కాగితం ఆయన చేతికే వచ్చింది. ఆ రోజు ఆయన ముఖంలో పెళ్లికొడుకు కళ చూడాలి.

అయితే బడి ఎట్లా ఉండాలో తోచాలి కదా. మొదట కొండ మీదికి బస్సెక్కి పోయి, జనం వరుసగా నిలబడే షెడ్లు చూసి వచ్చి అట్లాంటిదే గీశాడు. ఛైర్మన్ సుందరరాజు కాగితం అటూ ఇటూ తిప్పి, "ఏందప్పా ఇది, పిలకాయలు పలకలు పట్టుకోని దర్శనానికి నిలబడాల్నా?" అన్నాడు. రెండోసారి ముందువైపు గోపురం పెట్టి గీశాడు. "బాగుండాది. హుండీ యాడ పెడతావు?" అన్నాడు ఛైర్మన్. ఆఫీసంతా వారం రోజులు ఆ మాటే చెప్పుకుని నవ్వింది. సోమవారం పదకొండు గంటలకల్లా మూడో ప్లాను రావాలి, లేకపోతే ఎవరో కాంట్రాక్టరు గీయించి పెట్టిన బియ్యం గోడౌను లాంటి బొమ్మ మీద సంతకమైపోతుంది. ముకుందం మళ్లీ మరుగుదొడ్లకు పోవలసిందే.

ఆదివారం పొద్దున కల్యాణవల్లి కాఫీ లోటా ముందు పెట్టి, "గుళ్లూ గోపురాలూ చాలించండి. పిలకాయలు వాళ్లంతట వాళ్లు యాడ కూర్చుంటారో పోయి చూసి రండి" అంది. ఆ మాట ఆయనకు సూదిలా గుచ్చుకుంది. టేపు, సుద్దముక్క, నోటుపుస్తకం సంచిలో వేసుకుని, పదింటికల్లా వస్తాను, పులిహోర కలిపి ఉంచమని చెప్పి సైకిలెక్కాడు.

పూలంగడి వీధి మొదట్లో వసంతమ్మ ఇల్లు. ఇంటి ముందు పొడుగాటి తిన్నె, అదే వీధి అరుగు, తిన్నె మీద కొయ్య స్తంభం. ఆ స్తంభానికి వీపు ఆనించి ఒక పిల్ల కూర్చుని చింతగింజలు లెక్కపెట్టుకుంటోంది. కాళ్లు సరిగ్గా నేలకు ఆనుతున్నాయి, తల మీద నీడ, ముఖాన గాలి. ముకుందం సైకిలు ఎక్కడ పడేశాడో ఆయనకే తెలియదు. మోకాళ్ల మీద కూర్చుని తిన్నె ఎత్తు కొలిచాడు, వెడల్పు కొలిచాడు, మరిచిపోకుండా సుద్దతో గీత పెట్టాడు. పక్కింటి తిన్నె కొలిచాడు, దానికీ గీత పెట్టాడు. ఎదురింటిది, దాని పక్కది. తనలో తాను నవ్వుకుంటూ పోతున్నాడు.

తిన్నెలు కొలిచేటప్పుడు నవ్వే మనిషిని నమ్మకూడదని ఆ వీధికి తెలుసు. కిందటి ఏడాది బస్టాండు రోడ్డులో ఇట్లాగే శుక్రవారం ఒకాయన టేపుతో వచ్చి సుద్దగీతలు పెట్టి పోయాడు. సోమవారం గడ్డపారలు వచ్చాయి. మంగళవారానికి ఆ రోడ్డులో కూర్చుని వక్కాకు వేసుకోవడానికి ఒక్క తిన్నె మిగల్లేదు. అందుకే చేటలో బియ్యం అట్లాగే పట్టుకుని వసంతమ్మ బయటికి వచ్చింది.

"ఏం సామీ, ఎందుకు కొలస్తా ఉండావు?"

"బడి కోసమమ్మా" అన్నాడు ముకుందం, తల ఎత్తకుండానే. ఉన్నమాట చెప్పడమే ఆయన చేసిన తప్పు. బడి కోసం ఇళ్లు కొలుస్తున్నారంటే ఇళ్లు కొట్టి బడి కడతారనే కదా అర్థం. వసంతమ్మ చేట దించి, కుంకుమ, పూసలు అమ్మే కుప్పుస్వామి అంగడికి పరుగు తీసింది. కుప్పుస్వామి ఆమె చెప్పింది సగం విని, మిగతా సగం తనే చేర్చి, అటు ఎనిమిది ఇళ్లు ఇటు ఎనిమిది ఇళ్లు పోతున్నాయని వీధి చివరిదాకా చెప్పి వచ్చాడు. ముకుందం ఇదేమీ ఎరుగడు. చివరి తిన్నె కొలిచి, లెక్కలు సరిచూసుకోవడానికి మలుపు అవతల కాఫీ క్లబ్బులో కూర్చున్నాడు.

ఆ వీధిలో తెలివికి పెద్దదిక్కు మునిరామయ్య. సత్యవేడు వైపు ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి, పని మానుకుని వచ్చిన అయ్యవారు. అందరూ ఆయన చుట్టూ చేరారు. ఆయన గొడుగు నేలకు తాటించి ఆలోచించాడు.

"ఒక వీధికి ఒక బడే ఇస్తారు. ఈడ బడి ముందే ఉండాదనుకో, ఇంకోటి ఎట్లా కడతారు?"

"ఈడ బడి యాడుండాది అయివోరా?" అన్నాడు కుప్పుస్వామి.

"పెట్టుకుంటే ఉంటాది."

అంతే. పండగ పూట కూడా ఆ వీధి అంత వేగంగా కదలలేదు. సెలవుల్లో గోళీలాడుకుంటున్న పిల్లలను రెక్క పట్టి తెచ్చి, ముఖాలు కడిగి, తలలు దువ్వి, పలకలు ఇచ్చి తిన్నెల మీద కూర్చోబెట్టారు. పలక దొరకని వాళ్లకు తమలపాకుల పళ్లెం ఇచ్చారు. కొండకు పోయి వచ్చి తిన్నె మీద అలుపు తీర్చుకుంటున్న ఒక సంసారం వాళ్ల పిల్లలనూ వదల్లేదు. గుండ్లకు చందనం పూసుకున్న ఆ ముగ్గురినీ ముందు వరుసలో పెట్టారు, చూడటానికి బాగుంటారని. కుప్పుస్వామి రేకు మీద "పూలంగడి వీధి ప్రాథమిక పాఠశాల, స్థాపితం 1931" అని ఎర్రరంగుతో రాసి, తడి ఆరకముందే వసంతమ్మ ఇంటి స్తంభానికి కొట్టాడు. మునిరామయ్య గొడుగు పట్టుకుని వీధి మధ్యలో నిలబడ్డాడు. ఎడమ తిన్నెలు రెండో ఎక్కం, కుడి తిన్నెలు అ ఆ ఇ ఈ. వీధి దద్దరిల్లింది.

అయ్యవారు నడుమ నిలబడితే బండి ఎట్లా పోతుంది? తిరుచానూరు నుంచి వచ్చిన పూలబండి ఆగింది. దాని వెనక రిక్షాలు ఆగాయి. వాటి వెనక ఒక జీపు ఆగింది. జీపులో ఉన్నది పెళ్లికి పోతున్న ఛైర్మన్ సుందరరాజు, తెల్లటి జుబ్బాలో.

ఆయన దిగి వచ్చి, సంగతేమిటని అడుగుతూ వసంతమ్మ ఇంటి స్తంభానికి ఆనుకున్నాడు. కుప్పుస్వామి నోరు తెరిచాడు గానీ, రంగు ఆరలేదని ఛైర్మన్‌కు చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? దానికి బదులు చేతులు కట్టుకుని, "మా తాతల కాలం నుంచి ఉండే బడి సార్" అన్నాడు.

ఛైర్మన్ వంగి చింతగింజల పిల్లను అడిగాడు. "నువ్వు ఏ తరగతి పాపా?"

"తరగతా? మా అవ్వ కూర్చోమనింది. టేపు సామి పోయినాక లేచి పోవచ్చంట."

టేపు సామి ఎవరని ఆరా తీస్తుండగానే, లెక్కలు ముగించుకున్న ముకుందం మలుపు తిరిగాడు. తిరిగి, అక్కడే నిలబడిపోయాడు. రెండు వైపులా ఎదురెదురుగా తిన్నెలు, తిన్నెల నిండా పిల్లలు, నడుమ అయ్యవారు. ఎడమ వరుస మీదికి ఎండ పడగానే ఆ పిల్లలు ఎవరూ చెప్పకుండా కుడి వరుసలోకి ఉరికారు. చదువు మాత్రం ఆగలేదు. జనం, జీపు, ఛైర్మన్ ఏమీ కనబడలేదు. వీధిలోనే చతికిలబడి నోటుపుస్తకం తెరిచి గీయడం మొదలుపెట్టాడు. జనమంతా వేలు చూపించి, ఈయనే ఈయనే అన్నారు.

ఛైర్మన్ నీడ కాగితం మీద పడ్డాక ముకుందం తల ఎత్తాడు. తన ఉద్యోగానికి నూరేళ్లూ నిండాయని అప్పుడు తెలిసింది. సుందరరాజు నోటుపుస్తకం లాక్కున్నాడు. రెండు వరుసల తిన్నెలు, వాలు కప్పు, స్తంభాలు, నడుమ విశాలమైన వాకిలి. కాగితాన్ని చూశాడు, వీధిని చూశాడు. మళ్లీ కాగితాన్ని చూశాడు.

"ఇన్ని దినాలు దీన్ని యాడ దాచి పెట్టినావప్పా?" అన్నాడు.

"నేను దాయలేదు సార్. వీళ్లు ఇప్పుడే తీసినారు."

సోమవారం పదకొండు గంటల దాకా ఆగవలసిన పని లేకపోయింది. జీపు బానెట్ మీదే నోటుపుస్తకంలో సంతకమైంది. ఎవరి తిన్నెనూ కొట్టరని తెలిసి వసంతమ్మ పానకం పంచింది. ఛైర్మన్ వీపు మీద "స్థాపితం" అని తిరగబడిన ఎర్ర అక్షరాలతో పెళ్లికి పోయాడు. ముకుందం ఇంటికి చేరేసరికి పులిహోర చల్లారింది, కల్యాణవల్లి చల్లారలేదు. ప్లాను చూశాక ఆమె కూడా నవ్వింది.

ఏడాది తిరిగేసరికి పాత ఉప్పు కొట్టాల జాగాలో బడి లేచింది. తిన్నెల బడి అని ఊరంతా చూడ్డానికి వచ్చింది. అయ్యవారు మునిరామయ్యే పిల్లలకు తొలి పాఠం చెప్పాడు. ఆరు నెలలు బాగానే గడిచింది. తర్వాత ఆఫీసు వాళ్లే కాగితాల మీద లెక్కలు వేసుకుని, బడి ముందు తిన్నె రోడ్డు మీదికి అడుగున్నర వచ్చింది, కొట్టేయాలి అని నోటీసు రాశారు. కొలిచి గీత పెట్టి రమ్మని పంపింది ఎవరినంటారు? ముకుందాన్నే. ఆయన టేపు చేతబట్టుకుని మలుపు తిరిగాడో లేదో, మునిరామయ్య పూలంగడి వీధికి కబురు పంపాడు. పావుగంటలో వసంతమ్మ వచ్చి బడి తిన్నె మీద చేటతో బియ్యం ఏరుతూ కూర్చుంది. పక్కన పొయ్యి వెలిగింది. కుప్పుస్వామి స్తంభానికి రేకు కొడుతున్నాడు, "ఇచ్చట కాపురం ఉన్నాము, 1931 నుంచి" అని.

ముకుందం టేపు చుట్టి సంచిలో వేసుకున్నాడు. గీత పెట్టడానికి జాగా దొరకలేదని ఆఫీసులో రాసి ఇచ్చాడు.

ఇది మరిచిపోకండి. మీ పిల్లలకు, వాళ్ల పిల్లలకు చెప్పండి. తిన్నె మీద కూర్చోబెట్టి చెప్పండి, తిన్నె మిగిలి ఉంటే.