లిస్టులో మొదటి పేరు

రాజకుమారి భర్త మణికుమార్‌కు బీపీ లేదు, షుగరు లేదు, చెడు అలవాట్లు లేవు. ఉన్న జబ్బల్లా ఒక్కటే, అడగడం. బస్సు నుదుట 'రంగత్' అని బారెడు అక్షరాలతో రాసి ఉన్నా ఎక్కేముందు కండక్టర్ని అడుగుతాడు, ఎక్కాక పక్క సీటాయన్ని అడుగుతాడు, దిగాక టీ కొట్టు దగ్గర ఆగి "ఇది రంగతేనా భయ్యా?" అని రూఢి చేసుకుంటాడు. పోర్ట్‌బ్లెయిర్ బతు బస్తీలోని తన ఎలక్ట్రికల్ షాపుకు ఫ్యాను కొనడానికి వచ్చినవాణ్ణే ఏ ఫ్యాను మంచిదని అడుగుతాడు. పెళ్ళిచూపులనాడు కాఫీ పళ్ళెం పట్టుకుని వచ్చిన రాజకుమారిని చూసి, పక్కనున్న పెద్దాయన చెవిలో "అమ్మాయి ఈమేనాండీ?" అన్నాడు. ఆ ఇంట్లో ఉన్న పెళ్ళికాని పిల్ల ఆవిడొక్కతే. ఆ సంగతి ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ మరిచిపోలేదు, ఆయన్ని మరవనివ్వలేదు.

రాజకుమారి ఒకర్ని అడిగే రకం కాదు. అందులోనూ ఓడల సంగతి! వాళ్ళ నాన్న కన్నారావు ఏటా వేసవికి పిల్లల్ని వేసుకుని విశాఖ ఓడ ఎక్కేవాడు. మూడు రోజుల ప్రయాణం, కింది అంతస్తులో పడుకునే బంకులు. అలా, పెళ్ళయ్యాక వెళ్ళినవీ కలిపి ముప్పై ఒక్కసారి వెళ్ళివచ్చిన మనిషికి ఓడ అంటే పుట్టిల్లు. ఎక్కగానే బంకు మీద దుప్పటి పరిచెయ్యాలి. సామాను చేయి దాటనివ్వకూడదు. భోజనాల లైనుకు సొంత పళ్ళెంతో అందరికంటే ముందు చేరాలి. ఈ మూడూ తెలియనివాడు నీళ్ళ మీద బతకలేడని ఆవిడ సిద్ధాంతం.

అందుకే ఆ ఉదయం ఏడు గంటలకల్లా రాజకుమారి మూడు స్టీలు పళ్ళాలు, మూడు గ్లాసులు, రెండు పాత దుప్పట్లు, బట్టలారేసుకునే తాడు, మగ్గుతో సహా బకెట్టు వరండాలో వరసగా పెట్టింది. పులిహోర కలిపి డబ్బాకెత్తింది. అయితే వాళ్ళు వెళ్ళేది విశాఖకు కాదు. ఈ సీజన్‌కు పోర్ట్‌బ్లెయిర్ వచ్చిన క్రూజ్ ఓడలో, దీవుల చుట్టూ మూడు రాత్రుల విహారం. కూతురు కావేరి ఆరు నెలలుగా ఆ ఓడలోనే ట్రైనీ. స్టాఫ్ కుటుంబాలకు తక్కువ ధరకు ఇచ్చే కేబిన్ ఒకటి అమ్మకూ నాన్నకూ నాయనమ్మకూ తీసింది.

సరిగ్గా అప్పుడే కావేరి ఫోన్ చేసింది.

"అమ్మా, నేను పంపిన టిప్స్ చదివావా? ఫస్ట్ టైమ్ క్రూజ్ ఎక్కేవాళ్ళకి పదకొండు పాయింట్లు, వాట్సాప్‌లో పెట్టాను కదా."

"ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసి పంపితే ఎవరు చదువుతారే? కళ్ళు లాగుతున్నాయి."

"నాకు తెలుగు రాయడం రాదని తెలుసు కదమ్మా. పోనీ, ఒక్కటి గుర్తుపెట్టుకో. ఈ ట్రిప్పుతో నా ట్రైనింగ్ అయిపోతాది. సేఫ్టీ ఆఫీసరు సార్ రిపోర్టు బాగా రాస్తేనే జాబ్ పర్మనెంటు. నాలుగో డెక్ వాళ్ళకి, అంటే మీ అంతస్తుకి, సేఫ్టీ డ్రిల్ చేయించేది నేనే, స్టేషన్ సి లో. షిప్‌లో నన్ను కూతురని పిలవకు, స్టాఫ్‌లా చూడు. డౌట్ వస్తే డెస్క్‌లో అడుగు, ప్లీజ్."

"అడగడానికి మీ నాన్న ఉన్నాడులే," అని ఫోన్ పెట్టేసి, రాజకుమారి బకెట్టులో పళ్ళాలు సర్దింది.

జెట్టీ దగ్గరే మొదటి యుద్ధం. నీలం చొక్కా కుర్రాళ్ళు చీటీలు కట్టి సామాను తోపుడుబండి మీదకు ఎత్తుతున్నారు. రాజకుమారి బ్యాగు పట్టు వదల్లేదు. "కేబిన్‌కి మేమే తెస్తాం దీదీ," అని వాళ్ళంటే, "ముప్పై ఒక్కసార్లు ఎక్కాను, నా సామాను నాతోనే వస్తాది," అని, బకెట్టు ఒక చేత్తో, తాడు కట్టిన బ్యాగు ఒక చేత్తో, అద్దాల మెట్ల మీదుగా పైకెక్కింది. వెనక మణికుమార్. ఆ వెనక అతని తల్లి గవరమ్మ, మడత స్టూలు చంకన పెట్టుకుని.

కేబిన్‌లో తెల్లటి పరుపులు మంచులా పరిచి ఉన్నాయి. రాజకుమారి వాటి మీద తన పాత దుప్పట్లు పరిచేసింది.

"ఈ గదికి తాళం మన దగ్గరే ఉంది కదా రాజీ," అన్నాడు మణికుమార్.

"ఉంటే? మీకు ఓడలు తెలీవు."

పులిహోర తిన్నారు. భోజనం ఎక్కడ పెడతారో కనుక్కొస్తానని మణికుమార్ మూడుసార్లు లేచాడు, ఆవిడ మూడుసార్లు కూర్చోబెట్టింది. మూడు గంటలకు ఆవిడే వెళ్ళి కారిడార్ చివర ఒక పెద్ద గాజు తలుపు కనిపెట్టుకొచ్చింది. లోపల బల్లలు, కుర్చీలు, మడతపెట్టిన చేతిరుమాళ్ళు. తలుపు మీద 'రాత్రి ఏడు గంటలకు' అని రాసి ఉంది.

"అంటే ఇప్పుడే నిలబడాలి," అంది రాజకుమారి.

ముగ్గురూ పళ్ళాలు పట్టుకుని నిలబడ్డారు. గవరమ్మ స్టూలు వేసుకుని కూర్చుంది. పది నిమిషాలు కాకుండానే రంగత్‌లో సిమెంటు వ్యాపారం చేసే శంకరరావు, భార్య రత్నంతో అటుగా వచ్చి ఆగాడు.

"ఏ లైను దీదీ ఇది?"

"భోజనాల లైను. పళ్ళెం తెచ్చుకున్నారా?"

శంకరరావు మొహం మాడిపోయింది. "చూశావా, నేను చెప్పలేదూ?" అని భార్యను కసిరాడు, ఎప్పుడూ ఏమీ చెప్పకపోయినా. రత్నం పరుగున వెళ్ళి కేబిన్‌లోని టీ ట్రే పట్టుకొచ్చింది. ట్రేతో పరుగెత్తే మనిషిని చూసి కలకత్తా వాళ్ళు రెండు కుటుంబాలు బయటికొచ్చాయి. వాళ్ళను చూసి తమిళులు. వాళ్ళను చూసి పుణె నుంచి వచ్చిన కొత్త దంపతులు, బాత్‌రూంలోని సబ్బు గిన్నె కడుక్కుని మరీ. మనదేశంలో లైను ఎందుకో తెలుసుకుని నిలబడేవాడు తక్కువ. ముందు నిలబడి, తర్వాత కనుక్కుంటారు.

జనం పెరిగేసరికి తోపులాట మొదలైంది. రాజకుమారికి ఇది కొత్త కాదు. ఓడ టికెట్ కౌంటరు తెరవకముందే పోర్ట్‌బ్లెయిర్ జనం తమలో తాము ఒక లిస్టు రాసుకుంటారు. పేరు, నంబరు. కదిలినవాడి నంబరు పోతుంది. ఆవిడ బ్యాగులోంచి నోట్‌బుక్కు తీసి రాయడం మొదలుపెట్టింది. ఒకటి రాజకుమారి, రెండు మణికుమార్, మూడు గవరమ్మ. నాలుగు శంకరరావు. పక్కనే కేబిన్ నంబరు, ఎందుకైనా మంచిదని. "పళ్ళేనికి ఒక మనిషి. మధ్యలో పోతే పేరు కొట్టేస్తాను. సమఝ్ గయే?" అని హిందీలోనూ హెచ్చరించింది. అందరూ బుద్ధిగా తలలూపారు. ఎవరో పెద్దావిడ ఉన్నట్టుంది, ఆఫీసరు భార్య కాబోలు అనుకున్నారు.

నాలుగు గంటలకు ఓడంతా దద్దరిల్లేలా కూత మొదలైంది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. ప్రయాణికులందరూ సేఫ్టీ డ్రిల్‌కు తమ తమ స్టేషన్లకు, అంటే ప్రమాదమొస్తే చేరాల్సిన చోట్లకు, రావాలని మైకులో చెప్పారు.

"రాజీ, ఇది మనకేనేమో. ఒక్కసారి అడిగొస్తాను."

"కదిలితే నంబరు రెండు కొట్టేస్తాను. మొగుడని చూడను. అది కొత్తవాళ్ళకి. మేం చిన్నప్పటి నుంచీ బంకు మీద పడుకునే విన్నాం."

నంబరు రెండు నోరు మూసుకుంది. శంకరరావు వెనక్కి తిరిగి, "కొత్తవాళ్ళకట!" అని అందించాడు. ఆ మాట లైను చివరిదాకా వెళ్ళేసరికి, డ్రిల్‌కు పోతే భోజనం దొరకదు అనే దాకా పెరిగింది. లైఫ్ జాకెట్టు వేసుకుని ఒక స్టీవార్డు వచ్చి బతిమాలాడు. "మా నంబర్లకు నువ్వు గ్యారంటీయా భయ్యా?" అని అరవైమంది ఒక్కసారి అడిగారు. అతను అలాగే వెనక్కి నడుస్తూ మాయమైపోయాడు.

ఐదయింది. ఆ వేళకు బయలుదేరాల్సిన ఓడ కదలలేదు. ఐదుంబావు. జెట్టీ అక్కడే ఉంది. అప్పుడు మైకు మళ్ళీ మాట్లాడింది. "స్టేషన్ సి లో అరవై మూడు మంది ఇంకా రాలేదు. అందరూ వచ్చేవరకు ఓడ బయలుదేరదు."

"ఎవరో బుద్ధిలేనివాళ్ళు," అంది రాజకుమారి. "అరవై మందిలో ఒక్కడైనా తెలివైనవాడు లేడు."

మణికుమార్ ఏమీ అడగలేదు. నోట్‌బుక్కు ఆఖరి గీత మీద వేలు పెట్టి చూపించాడు. అరవై మూడు, పుణె పెళ్ళికూతురు.

రాజకుమారి ఆ అంకె మళ్ళీ చూసుకుంది. స్టేషన్ సి. నాలుగో డెక్. పొద్దున్న ఫోన్‌లో విన్న ముక్కలు ఒక్కొక్కటే వచ్చి వరసలో నిలబడ్డాయి, నంబర్లతో సహా. సరిగ్గా అప్పుడే కారిడార్ అవతలి చివర నుంచి తెల్ల యూనిఫాంలో సేఫ్టీ ఆఫీసరు, అతని పక్కన చేతిమైకు పట్టుకుని కావేరి వచ్చారు. పిల్ల చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. చిన్నప్పుడు లెక్కల పరీక్ష పోయినప్పుడు అచ్చం ఇలాగే ఉండేది.

కావేరి తల్లి చేతిలోని పళ్ళెం చూసింది. నాయనమ్మ స్టూలు చూసింది. గొంతు సవరించుకుంది.

"మేడమ్," అంది.

ఆ ఒక్క మాటకు రాజకుమారికి తల కొట్టేసినట్టయింది. భూమి చీలితే అందులోకి పోదామన్నా కాళ్ళ కింద భూమి లేదు. మూడు డెక్కులూ, వాటి కింద సముద్రమూ ఉన్నాయి.

"మేడమ్, భోజనానికి లైను అక్కర్లేదు. తొమ్మిదో డెక్‌లో ఒంటిగంట నుంచీ పెడుతూనే ఉన్నారు. ఎంత కావాలంటే అంత. ముందు అందరూ డ్రిల్‌కి రండి."

లైను ఒక్క అంగుళం కదలలేదు. "లైను చెదరగొట్టడానికి చెప్తన్నారు," అన్నాడు శంకరరావు. "ఒంటిగంట నుంచీ ఉత్తినే ఎవరు పెడతారు? దీదీ, మీరు చెప్పండి!"

"యే లైన్ కిస్‌నే లగాయా?" అన్నాడు ఆఫీసరు. ఈ లైను పెట్టించింది ఎవరని. అరవై చేతులు, కొన్ని ట్రేలతో సహా, రాజకుమారి వైపు తిరిగాయి.

"మన కావేరి గుంట ముందే సెప్పింది కదే," అంది గవరమ్మ స్టూలు మీంచి, మెల్లగా. "అడిగితే పోయేది."

రాజకుమారి చేయి చాపి కూతురి చేతిలోని మైకు తీసుకుంది. "అందరూ వినండి. లిస్టు ప్రకారమే నా వెనకాల రండి. ఎవరి నంబరూ పోదు. పైకి పోదాం."

అంతే. కూతలకూ మైకులకూ కదలని జనం పళ్ళాలు, ట్రేలు, సబ్బు గిన్నె పట్టుకుని ఒకటి నుంచి అరవై మూడు వరకు వరసగా మెట్లెక్కి స్టేషన్ సి కి చేరారు. మధ్యలో ఒక్కడూ ముందుకు దూరలేదు. రాజకుమారి పేరు, కేబిన్ నంబరు చదువుతుంటే కావేరి గుర్తు పెట్టుకుంటూ పోయింది. ఆరు నిమిషాల్లో లెక్క తేలింది. లెక్కింపులో ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు తేడా వచ్చే ఆఫీసరు, ఆ నోట్‌బుక్కును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సిస్టమ్ అచ్ఛా హై," అన్నాడు. "అగ్లే ట్రిప్ మే యహీ కరేంగే." వచ్చేసారి నుంచి ఇదే పద్ధతి అన్నమాట. తర్వాత జేబులోంచి పెన్ను తీసి, ఒక ఫారం మీద పెట్టాడు. ఓడ నలభై నిమిషాలు ఆలస్యం. కారణం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. ప్యాసింజర్లకు ముందుగా చెప్పలేదా అని కావేరిని హిందీలోనే అడిగాడు.

కావేరి తల్లి వైపు చూడలేదు. "తప్పు నాదే సార్. సరిగ్గా చెప్పలేకపోయాను."

పెన్ను కాగితం మీదకు దిగింది. 'ట్రైనీ' అని రాయడం మొదలైంది.

ఆరు నెలలు. పండక్కి కూడా ఇంటికి రాకుండా, ఫోన్ చేసినప్పుడల్లా నిలబడే మాట్లాడి, "కాళ్ళు నొప్పులు ఏం లేవమ్మా" అని అబద్ధం చెప్పిన ఆరు నెలలు. రాజకుమారి చేతిలో మైకు లైటు ఇంకా వెలుగుతూనే ఉంది.

"రుకియే సాబ్! ఆగండి!" అంది, తెలుగూ హిందీ కలిపేసి. ఆ గొంతు స్టేషన్ సి అంతా మోగి, పక్కనున్న స్టేషన్ డి దాకా వినిపించింది. "ఈ పిల్ల నా కూతురు. పదకొండు టిప్స్ రాసి పంపింది, నేను ఒక్కటీ చదవలేదు. పొద్దున్న ఫోన్ చేసి మరీ చెప్పింది, వినలేదు. మా ఆయన అడుగుదామన్నారు, అడగనివ్వలేదు. ఈ అరవై మందినీ నిలబెట్టింది నేనే. నాకు ఓడల గురించి అంతా తెలుసనుకున్నాను. తెలీదు. గల్తీ మేరీ హై. తప్పు నాదే, నాదొక్కదానిదే."

 శంకరరావు తన ట్రేను మెల్లగా వెనక దాచుకున్నాడు. ఆఫీసరు రాసినదాన్ని కొట్టేసి, కావేరిని ఒక్క క్షణం చూసి, 'ప్యాసింజర్ల పొరపాటు, ట్రైనీ సరిదిద్దింది' అని రాసి సంతకం పెట్టాడు. ఓడ కూత వేసి జెట్టీని వదిలింది. కావేరి వచ్చి తల్లి చేతిలోని మైకు తీసుకుంది, పళ్ళెం కూడా.

ఇరవై ఆరేళ్ళ సంసారంలో మొదటిసారి ఆవిడ నోట 'తప్పు నాదే' అన్న మాట విన్న మణికుమార్, పక్కనున్న కలకత్తా ఆయన వైపు వంగి, "భయ్యా, మా ఆవిడ ఇప్పుడు ఏమందీ?" అని అడిగాడు.