ఐదో అంతస్తు మీద బోణీ

శ్రావణమాసం సేల్‌ మొదలయ్యేలోపు షాపు అద్దాలు కడిగించాలి. ఆ శుక్రవారం పొద్దున నాగవేణి వేసుకున్న ప్లాను అంతే. ఏలూరు రోడ్డులోని ఐదంతస్తుల బట్టల షాపుకి ఆమె మేనేజరు. ముందువైపంతా అద్దమే కావడంతో ఏటా రత్తయ్య డాబా మీంచి తాడు పట్టుకుని దిగి తుడిచేవాడు. ఆ తాడు కట్టేది వాటర్ ట్యాంకు పైపుకి. కిందటేడు ముడి జారి రత్తయ్య గాల్లో గిలగిల్లాడటం కళ్లారా చూశాక నాగవేణికి అన్నం సహించలేదు. నెలల తరబడి ఓనరు రామకోటేశ్వరరావు గారి చెవిలో జోరీగలా రొద పెట్టి, చివరికి డాబా కాంక్రీటులో స్టీలు రింగులు వేయించింది. వాటినే యాంకర్లంటారు. ఒక రింగుకి దిగే తాడు, ఇంకో రింగుకి లైఫ్‌లైను. మనిషి జారితే ఆ రెండో తాడు గబుక్కున పట్టేసుకుంటుంది.

ఓనరుగారు ఒప్పుకున్నారే గానీ మనస్ఫూర్తిగా కాదు.

"అమ్మాయ్, మా నాన్న కాలం నుంచీ ట్యాంకు పైపుకే కడతన్నాం. ఇవాళ ఏ చిన్న గొడవ జరిగినా ఆ రింగులు పీకించేస్తా. మళ్లీ పాత తాడే. ఇప్పుడే చెప్తన్నా."

"ఏ గొడవా జరగదండీ," అంది నాగవేణి ధీమాగా.

గొడవ అప్పటికే లిఫ్టులో పైకి వస్తోంది. ఓనరుగారి భార్య సీతారావమ్మ గారు పసుపు కుంకుమల పళ్లెం, కొబ్బరికాయ, పూలదండతో డాబా మీద అడుగుపెట్టారు. కింద ఫుట్‌పాత్ మీద సన్నాయి మేళాన్ని కూడా కూర్చోబెట్టి వచ్చారట.

"కొత్త వస్తువు బోణీ చెయ్యకుండా ఎట్టా వాడతారే? మీ అయ్యగారి చెయ్యి మంచిది. ఆయన బోణీ చేసిన కొట్టు ఏదీ ఇంతవరకూ మూతపడలా. ముందు ఆయన దిగాల."

"ఇది కొట్టు కాదమ్మగారూ, తాడు."

"తాడైతే బోణీ వద్దా?"

మంచి చెయ్యి అన్న మాట చెవిన పడగానే ఓనరుగారి ఛాతీ కాస్త ముందుకొచ్చింది. పిట్టగోడ అవతలికి ఒక్క కాలు పెట్టి, ఫోటో దిగి, వెనక్కి వచ్చేయాలని ఒప్పందం కుదిరింది. నాగవేణి స్వయంగా ఆయనకు బెల్టులు తొడిగింది. నడుం బెల్టు ఆయన పొట్ట చుట్టూ తిరిగి రావడానికి మొహమాటపడింది. తొడల బెల్టులు బిగించేసరికి జరీపంచె కాస్తా నిక్కరై కూర్చుంది. రెండు తాళ్లనూ తగిలించి, గుంజి చూసి, నమ్మకం చాలక మళ్లీ గుంజి చూసింది.

ఇంతలో సీతారావమ్మ గారు పిట్టగోడకి పసుపు రాసి, దాని మీదే కొబ్బరికాయ కొట్టారు. పూజ కాబట్టి ఓనరుగారు చెప్పులు విప్పేశారు. పసుపు, కొబ్బరినీళ్లు, ఉత్త కాళ్లు. ఆయన ఫోటో కోసం నవ్వుతూ ఒక కాలు అవతల పెట్టారు. రెండో కాలు ఎవరూ అడక్కుండానే దాని వెంట వెళ్లింది.

"ఓర్నాయనో!"

లైఫ్‌లైను టక్కున పట్టేసింది. ఓనరుగారు ఐదో అంతస్తు అద్దం ముందు, మెళ్లో పూలదండతో వేలాడారు. ప్రాణం నిలబడింది గానీ ధైర్యం నిలబడలేదు. రెండు చేతులూ ఊపుతూ కేకలు పెట్టారు.

అయ్యగారు చెయ్యి ఊపగానే గట్టిమేళం వాయించమని సీతారావమ్మ గారు కిందివాళ్లకి ముందే చెప్పి ఉన్నారు. ఇక డోలు, సన్నాయి ఏకమై ఏలూరు రోడ్డును దద్దరిల్లించాయి. ఆయన కేకలు అందులో కలిసిపోయాయి. నాగవేణి పిట్టగోడ మీంచి వంగి, ఆపమని చేతులు ఊపింది. ఇంకా గట్టిగా కావాలి కాబోలనుకుని డోలాయన చొక్కా చేతులు పైకి మడిచాడు. గట్టిమేళం వింటే చేతులు ఊరుకోని జనం కదా, పెళ్లిబట్టలకి వచ్చినవాళ్లు మేళం ముందు పెట్టిన పళ్లెంలోంచి అక్షింతలు తీసి పైకి విసిరారు.

"మా ఆయనకి ఇంకో తాడు అందించండ్రా!" అంటూ సీతారావమ్మ గారు ట్యాంకు పైపుకి వేలాడుతున్న పాత తాడును పట్టుకుని ఒక్క గుంజు గుంజారు. తాడుతోబాటు పైపు ఊడి చేతికొచ్చింది. ట్యాంకు నీళ్లు జలజలమంటూ డాబా అంచు మీంచి ఓనరుగారి నెత్తిన పడ్డాయి.

"బాబాయ్, దిగు!" అంది నాగవేణి రత్తయ్యతో. తన తాళ్లను వేరే రింగులకు తగిలించుకుని సిద్ధంగా ఉన్న రత్తయ్య క్షణంలో ఆయన పక్కకు చేరాడు.

"సార్, నన్ను పట్టుకోబాకండి. తాడే పట్టుకుంటది. ఊరికే కూర్చోండి చాలు."

ఇద్దరూ మెల్లగా దిగడం మొదలుపెట్టారు. మూడో అంతస్తు పెళ్లిచీరల సెక్షను దగ్గరకొచ్చేసరికి, అద్దం లోపల మంగళగిరి నుంచి వచ్చిన పెళ్లివారు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. కస్టమరు కనపడితే ఓనరుగారి ఒళ్లు ఆయన మాట వినదు. తడిసి ముద్దయిన మనిషి వేలాడుతూనే దణ్ణం పెట్టి, ఎర్రంచు పట్టుచీర చూపించమని సేల్స్‌మన్‌కి వేలితో సైగ చేశారు. పెళ్లికూతురి తల్లి ఆ చీర మీద చెయ్యి వేసి తలూపింది.

కాళ్లు నేలకి ఆనగానే జనం ఈలలు, చప్పట్లు. నాగవేణి మెట్ల మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. చిన్న గొడవ అన్నారు, ఇది ఊరంత గొడవ. రింగులు పోయినట్టే, రత్తయ్య మళ్లీ పైపుకే అనుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఓనరుగారు తల పైకెత్తి, డాబా మీంచి తొంగిచూస్తున్న సీతారావమ్మ గారి చేతిలో ఉన్న పైపు ముక్కను చూశారు. ఆ తర్వాత రత్తయ్య భుజం మీద చెయ్యి వేశారు.

"ఇన్నేళ్లూ నిన్ను దానికా కట్టింది?" అన్నారు మెల్లగా. వెంటనే జనం వైపు తిరిగి గొంతు పెంచారు. "చూశారుగా! ముందు నేను దిగి చూసుకుంటేగానీ మా షాపులో మనిషిని దింపం! అమ్మాయ్, గన్నవరం బ్రాంచికి కూడా ఇయ్యే రింగులు. రేపే పని మొదలెట్టించు."

నాగవేణికి ఎగిరి గంతేయాలనిపించింది. మేనేజరు కాబట్టి తలూపి ఊరుకుంది. ట్యాంకు నీళ్లకి అద్దాలు సగం అప్పుడే శుభ్రపడ్డాయి, మిగతా సగం రత్తయ్య రెండు తాళ్ల మీద దర్జాగా దిగుతూ తుడిచాడు.

మర్నాడు షాపు తెరవగానే ఫోను మోగింది. మైలవరం నుంచి పెళ్లివారు, ఇరవై మంది వస్తున్నారట.

"చీరల సంగతి తర్వాత గానండీ, ఇవాళ ఓనరుగారు ఎన్నింటికి దిగుతారు?"

నాగవేణి ఫోనును ఎంతో మర్యాదగా ఓనరుగారి చేతికే ఇచ్చింది.