మడుగుకు వచ్చిన తాళాల కార్డు

శుభకృత్ సంవత్సరం, ఇప్పపూలు రాలే రోజులు. ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. ఒక పెద్ద అడవిలో వాగులన్నీ ఇసుక తేలిపోయి, ఒక్క మడుగులోనే నీళ్లు మిగిలాయి. తాగేవాళ్లంతా అక్కడికే రావాలి. తినేవాడు కూడా అక్కడికే వచ్చేవాడు.

తినేవాడు చిరుతపులి. అతని రాకను కనిపెట్టేవాడు కొండముచ్చు లింగయ్య. మడుగు గట్టున మద్దిచెట్టు చిటారుకొమ్మ మీద కూర్చునేవాడు. పొదల్లో చిరుత తోక కదిలితే చాలు, "ఖక్" అని ఒక్క కేక వేసేవాడు. నీళ్లలో మూతి పెట్టిన జింక మూతి తుడుచుకోకుండా పరుగెత్తేది. తాతల నాటి పద్ధతి. దానికి ఆఫీసు లేదు, రిజిస్టరు లేదు.

ఒకరోజు చిరుత అడవి సభలో అర్జీ పెట్టాడు. మాంసాహారుల తరఫున సభలో సభ్యుడు కూడా అతనే.

"అధ్యక్షా, నా దారిన నేను నడిచి వెళ్తుంటే చెట్టెక్కి అరుస్తున్నారు. నేను ఎప్పుడు ఎక్కడికి పోతానన్నది నా సొంత విషయం. దాన్ని అడవంతా చాటింపు వేయడం ఏం మర్యాద?"

అధ్యక్షుడు అడవిదున్న వీరభద్రం. పెద్ద శరీరం, మంచి మనసు. ఎవరి మాట చివర విన్నాడో వాళ్లదే న్యాయమనుకునేవాడు.

"నిజమే కదా. మన గురించి అలా అరిస్తే మనం ఊరుకుంటామా?" అన్నాడు.

సభ తీర్మానం చేసింది. ఇకమీదట హెచ్చరిక కేకగా పోకూడదు. సర్వరు ద్వారా, తాళం వేసి పోవాలి. ఎవరికి పంపారో వాళ్లకే తెలియాలి. కేక వినిపించినా, మెడలో కట్టే బిళ్లలో సందేశం వచ్చేదాకా జింకలు దాన్ని నమ్మకూడదు.

సర్వరు కొండగుహలో ఉంది. సెల్ టవరు కట్టబోయి మానుకున్న మనుషులు వదిలేసి పోయిన పెట్టె అది. దాన్ని చూసుకునేవాడు అలుగు ముత్యాలు. ఒంటినిండా పొలుసులు, నోట్లో తక్కువ మాటలు. లింగయ్య చెట్టుమీద పలకపై "చిరుత" అని కొడితే ఆ మాట గుహకు వస్తుంది. సర్వరు దాన్ని ఎవరికీ అర్థం కాకుండా కలగాపులగం చేస్తుంది. తాళం వేయడమంటే అదే. జింకల మెడలో కట్టిన బిళ్లకు చేరాక మళ్లీ మాటగా మారి చెవిలో వినిపిస్తుంది. దారిలో చిరుత పట్టుకుని చూసినా అతనికి పిచ్చిగీతలే కనిపిస్తాయి.

బిళ్లలు కట్టిన రోజే చుక్కలజింక సీతాలు గుహకు వచ్చింది.

"ముత్యాలు మామా, నీ పెట్టె సంగతి నాకు తెలియదు. నా పిల్ల సంగతి చెప్తా విను. నీలి కాల్లో ముల్లు దిగి గిట్ట వాచింది. పొదలో చిరుత కనిపించినప్పటి నుంచి ఎనిమిది అంకెలు లెక్కపెట్టేలోపు కబురు అందితే అది ఒడ్డెక్కి తప్పించుకుంటుంది. తొమ్మిదో అంకె పడితే నేను చూస్తూ నిలబడాల్సిందే."

"ఐదంకెల్లో వస్తుంది, పో" అన్నాడు ముత్యాలు.

ఐదంకెల్లోనే వచ్చింది కూడా. వారం రోజులు నీలి కుంటుకుంటూనే నీళ్లు తాగి ఇల్లు చేరింది.

అంతా బాగుంటే సభకు పనేముంటుంది? వార్షిక ప్రసంగం రోజు వచ్చింది. వీరభద్రం ప్రసంగం నాలుగు వందల పేజీలు. దానికి తాళం వేయడానికి సర్వరుకు పూటంతా పట్టింది. కార్యదర్శి ఉడుము కామేశానికి ఇది సహించలేదు. కామేశానికి లోకంలో రెండే ఇష్టాలు, ఒకటి కుర్చీ, రెండోది వెచ్చదనం. భోజనమయ్యాక గుహకు వెళ్లి సర్వరు మీద పడుకునేవాడు. దాన్నే తనిఖీ అని రాసుకునేవాడు.

కామేశం పక్క అడవి నుంచి నిపుణుణ్ణి పిలిపించాడు. నెమలి, పేరు డాక్టర్ చంద్రశేఖరం. ఏ ప్రశ్న అడిగినా ముందు పురి విప్పేవాడు.

"సర్వరు తన తలతో తానే తాళాలు వేస్తోంది. తలకు వంద పనులు. మీకు కావలసింది తాళాల కార్డు. తాళం వేయడం తప్ప దానికి ఇంకేమీ రాదు. అందుకే ఆ పనిలో దాన్ని మించింది లేదు."

కార్డు వచ్చింది. సర్వరులో దూర్చారు. నాలుగు వందల పేజీల ప్రసంగం రెండు నిమిషాల్లో తాళం పడి బయటికి వచ్చింది. సభలో గిట్టలున్న వాళ్లు గిట్టలు చరిచారు, లేనివాళ్లు తోకలు కొట్టారు.

"ఇంతకు ముందుకన్నా రెండు వందల రెట్లు వేగం" అని చంద్రశేఖరం పురి విప్పి మూడు చుట్లు తిరిగాడు.

మర్నాడు లింగయ్య పలకమీద "చిరుత" అని కొట్టాడు. ఆ ఒక్కమాట జింకల చెవిలో పడేసరికి పంతొమ్మిది అంకెలు పట్టింది. చిరుత బురదలో కాలు జారబట్టి నీలి బతికింది. తోక చివర వెంట్రుకలు మాత్రం మడుగులో తేలాయి.

సీతాలు గుహకు వచ్చి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"రెండు వందల రెట్లు వేగమన్నారు. ఎవరికి మామా, చిరుతకా?"

"ఏదో తేడా ఉంది. చూస్తాను" అన్నాడు ముత్యాలు.

"ఎప్పుడు?"

"చూసేదాకా దాన్ని మడుగుకు తేకు."

"నీళ్లు తాగకుండా ఎన్నాళ్లుంటుంది? నాలిక ఇప్పుడే ఎండిపోయింది."

ముత్యాలు మూడు రోజులు సర్వరు నల్లతెర ముందు నుంచి లేవలేదు. వచ్చినవాడల్లా ఒక సలహా ఇచ్చి పోయాడు. కామేశం కొత్త తీగలు వేయమన్నాడు. చంద్రశేఖరం ఇంకో కార్డు తెప్పించమన్నాడు. వీరభద్రం వచ్చి, "ఓసారి ఆపి మళ్లీ పెట్టు" అని పెద్దమనిషి తరహాలో చెప్పాడు. ముత్యాలు అందరికీ "ఊ" అన్నాడు. ఒక్కమాటను పంపి కాలం కొలిచాడు. తర్వాత పది మాటలు, ఒక పేజీ, వంద పేజీలు. ప్రతిదాన్నీ రెండు విధాలా కొలిచాడు, కార్డుతో ఒకసారి, కార్డు లేకుండా ఒకసారి.

మూడో రోజు సాయంత్రం సీతాలుకు చెప్పాడు.

"కార్డులో లోపం లేదు. దాని దగ్గరికి పోయి రావడంలో ఉంది లోపం. సర్వరు లోపల ఒక పెద్దదొర ఉంటాడు. ఆయన్ను దాటకుండా ఎవరూ కార్డును తాకలేరు. చీటీ రాయాలి, వరసలో నిలబడాలి, పడుకున్న కార్డును లేపాలి. అది తాళం వేసి గంట కొడుతుంది. అప్పుడు దొర వచ్చి తీసుకుంటాడు. నాలుగు వందల పేజీలకైనా ఒక్కమాటకైనా ఈ తతంగమంతా ఒకటే. పెద్ద మూటకు ఈ తిరుగుడు గిట్టుబాటవుతుంది. ఒక్కమాటకు అదే తడిసి మోపెడవుతుంది."

"మరి ఏం చేస్తావు?"

"సెట్టింగుల ఫైలులో ఒక్క వరస. పేజీకన్నా చిన్న సందేశమైతే సర్వరు తలతోనే తాళం. పెద్దదైతే కార్డు. అంతే."

"అంతేనా? ఇప్పుడే రాయి మామా."

"రాయాలంటే కార్యదర్శి సంతకం కావాలి."

కామేశం కాగితం చదివాడు. పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి.

"అంటే రోజువారీ పనికి కార్డు వాడరన్నమాట. అంత ఆర్భాటంగా తెచ్చిన కార్డు ఏడాదికి ఒక ప్రసంగం కోసం ఖాళీగా కూర్చుంటే సభలో నన్నేమంటారు?"

"ఏమన్నా మీరు బతికే ఉంటారు కదండీ" అన్నాడు ముత్యాలు.

ఆ మాటతో సంతకం పడే దారి కూడా మూసుకుపోయింది.

ముత్యాలు గుహకు తిరిగివచ్చి ఎవరినీ అడక్కుండా ఆ వరస రాసేశాడు. అదే రోజు నుంచి కబురు మళ్లీ ఐదంకెల్లో అందింది. పదకొండు రోజులు నీలి నీళ్లు తాగింది. వేగం ఎలా పెరిగిందని ఎవరూ అడగలేదు. బాగున్నదాన్ని గురించి సభలో ప్రశ్న వేసే ఆనవాయితీ లేదు.

పన్నెండో రోజు కామేశం తనిఖీకి వచ్చాడు. పడుకున్నాడు. పొట్టకింద కార్డు ఉన్నచోట చల్లగా తగిలింది. అటు దొర్లాడు, చల్లగానే ఉంది. ఇటు దొర్లాడు, చల్లగానే ఉంది. నిద్ర పట్టలేదు. ఆ మధ్యాహ్నమే సభ పిలిచారు.

"కార్డు పని చేయడం లేదు అధ్యక్షా. నా పొట్టే సాక్ష్యం" అన్నాడు కామేశం.

ముత్యాలు నిలబడి, తానే మార్చానన్నాడు. ఎందుకు మార్చాడో చెప్పాడు. అంకెలన్నీ చదివాడు. వీరభద్రం తల ఊపుతూ విని, "ఇతను చెప్పింది న్యాయంగానే ఉందే" అన్నాడు.

కానీ చివర మాట్లాడింది చంద్రశేఖరం.

"తప్పు కార్డుది కాదు అధ్యక్షా, సందేశానిది. సందేశం మరీ చిన్నది. ఇంత పెద్ద కార్డు ముందు ఒక్కమాట పెట్టడం దాన్ని అవమానించడమే. సందేశాన్ని పెద్దది చేయండి. ఒక్కో అక్షరానికి పట్టే కాలం ఎంత తగ్గుతుందో చూడండి."

"అక్షరానికి కాదండీ, జింకకు ఎంత పడుతుందో కొలవండి" అన్నాడు ముత్యాలు.

"అక్షరాలు కొలవడానికి పద్ధతి ఉంది. జింకలను కొలవడానికి లేదు" అన్నాడు చంద్రశేఖరం, పురి విప్పుతూ.

పురి వెనక ముత్యాలు కనిపించకుండా పోయాడు.

"ఇదీ న్యాయంగానే ఉంది" అన్నాడు వీరభద్రం. సభ ముగిసింది.

ముత్యాలు రాసిన వరస కొట్టేశారు. గుహలోకి అతన్ని రానివ్వొద్దన్నారు. హెచ్చరికకు నమూనా పత్రం తయారైంది. మొదట సంఖ్య, తేదీ. తర్వాత "గౌరవనీయులైన జింకలకు నమస్కరించి వ్రాయునది". తర్వాత విషయం. తర్వాత చిరుత ఆనవాళ్లు, మీసాల పొడవు, తోక వంపు, కుడివైపు మచ్చలెన్ని, ఎడమవైపు మచ్చలెన్ని. చివర "తమ విధేయుడు". అన్నీ నింపితేగాని పలక ముందుకు కదలదు.

సభవారి సమక్షంలో మడుగు దగ్గర ప్రదర్శన పెట్టారు. జింకలన్నీ రావాలని ఉత్తర్వు. రానివాళ్లకు బిళ్ల తీసేస్తారు. సీతాలు నీలిని లోతు లేని వైపు, ఒడ్డుకు దగ్గరగా నిలబెట్టింది.

చిరుతకు కూడా కబురు పెట్టారు.

"నిజంగా రావాలా, వచ్చినట్టు నటించాలా?" అని అడిగాడు చిరుత.

"నిజంగానే రండి. లేకపోతే లెక్క సరిగ్గా రాదు" అన్నాడు చంద్రశేఖరం.

"సరే, సభ మాట నేనెప్పుడు కాదన్నాను?"

చిరుత పొదల్లోంచి బయటికి వచ్చాడు. లింగయ్య పలక అందుకున్నాడు. సంఖ్య కొట్టాడు. తేదీ మరిచిపోయి కింద కామేశాన్ని అడిగాడు. నమస్కరించాడు. కుడివైపు మచ్చలు లెక్కపెట్టాడు. నూట పదిహేడు. తర్వాతి గడి దగ్గర ఆగిపోయాడు.

"చిరుతగారూ, ఎడమవైపు కనిపించడం లేదు. కాస్త ఇటు తిరుగుతారా?"

చిరుత మర్యాదగా తిరిగాడు. తిరిగేసరికి అతని ముఖం మడుగువైపుకు వచ్చింది.

లింగయ్య నలభై మచ్చలదాకా లెక్కపెట్టి పలకను కిందికి విసిరేశాడు. "ఖక్" అని అరిచాడు. అడవి దద్దరిల్లేలా మళ్లీ మళ్లీ అరిచాడు. ముసలి జింకలు పరుగెత్తాయి. సీతాలు పరుగెత్తింది, వెనక్కి తిరిగి "నీలీ, రా" అని పిలిచింది. నీలి మెడ వంచి బిళ్లకు చెవి ఆనించి ఉంది. కేకను నమ్మకూడదని దానికి నేర్పారు. కదలాలా వద్దా అని బిళ్లను అడుగుతోంది. బిళ్లలో ఇంకా ఏమీ రాలేదు.

కామేశం పలకను ఏరుకుని, మిగిలిన మచ్చలు అందాజుగా వేసి, విధేయుడని కొట్టి పంపాడు. సందేశం ఒక్క అక్షరం పొల్లుపోకుండా చేరింది. దారిలో ఎవరూ చదవలేకపోయారు. అక్షరానికి పట్టిన కాలం అడవి చరిత్రలోనే అతి తక్కువ. కార్డు వేడెక్కింది. కామేశం దానిమీద పడుకుని ప్రదర్శన జయప్రదమైందని నివేదిక రాయించాడు. తాళం వేయకుండా అరిచినందుకు లింగయ్యను చెట్టు దించారు. నివేదిక కింద సభ్యులందరూ సంతకాలు పెట్టారు. చిరుత మూతి తుడుచుకుని వచ్చి పెట్టాడు.

ఈ కథలోని నీతి: తాళం గట్టిదైతే చాలు, లోపల ఎవరూ మిగలకపోయినా ఫరవాలేదు.

ఆ రోజు మడుగు దగ్గర సీతాలు కూతురు నీలి చనిపోయింది. దాని వయసు రెండేళ్లు.