మీదే అనుకోన్రి

పంతొమ్మిది వందల ముప్ఫై ఆరో సంవత్సరం ఎండాకాలంలో ఒక పొద్దున ఆగ్నెస్ దొరసాని వేసుకున్న పథకం చాలా చిన్నది. హైదరాబాదులో శాలిబండ గల్లీలోకి వెళ్లాలి, పాలమ్మే బీరయ్య ఇంటి తలుపు తట్టాలి, అతని ఇద్దరు కూతుళ్లను తన మిషను ఆడపిల్లల బడికి పంపమని అడగాలి. బడి తెరిచి మూడు నెలలైనా ఆ బల్లల మీద పిచ్చుకలు తప్ప ఎవరూ కూర్చోలేదు. సాయంత్రం సికింద్రాబాదు నుంచి మిషను పెద్దదొర చూడ్డానికి వస్తున్నాడు. పిల్లలు లేకపోతే బడికి తాళం, ఆమెకు స్వదేశానికి ఓడ టికెట్టు.

తోడు రావలసిన బడి పనిమనిషి సుశీలమ్మ, పెద్దదొర టీలోకి చక్కెర కోసం అఫ్జల్‌గంజ్ వెళ్తూ, "నేనొచ్చేదాక ఆగున్రి" అని మరీ చెప్పింది. దొరసాని ఆగితేనా! పదేళ్లు బర్మాలో తెలుగు కూలీల మధ్య తిరిగిన మనిషికి ఒక గల్లీ ఒక లెక్కా? అక్కడామె నేర్చుకున్న పాఠం ఒకటుంది. ఒక ముసలమ్మ ప్రేమగా ఇచ్చిన చాపను వద్దన్నందుకు ఆ ఊళ్లో మళ్లీ ఎవరూ ఆమెకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. ఇక ఎవరేమిచ్చినా కాదనకూడదని అప్పుడే నిశ్చయించుకుంది.

బీరయ్య ఇంటి ముందు నిగనిగలాడే బర్రె కట్టేసి ఉంది. అతని భార్య రుక్మాబాయి పేడ ఎత్తుతోంది. మాట కలపడానికి దొరసాని తన బైబిలు తెలుగు బయటికి తీసింది.

"అమ్మా, మీ బర్రె మిక్కిలి సుందరముగా ఉన్నది."

"మీదే అనుకోన్రి, దొరసానమ్మా!" అంది రుక్మాబాయి నవ్వుతూ.

దొరసానికి కళ్లు చెమర్చాయి. ఇంత చిన్న ఇంట్లో ఇంత పెద్ద మనసా! "మీ ప్రేమను త్రోసివేయను" అని పలుపు విప్పి, బర్రెతో సహా బడి వైపు బయలుదేరింది.

చప్పుడుకు బీరయ్య బయటికి పరుగెత్తుకొచ్చాడు. ఆ ఇల్లు గడిచేది ఆ బర్రె పాల మీదే.

"గిదేందే? బర్రెను తోల్కపోతుంది!"

"నేనే అన్న, మీదే అని. గల్లీ అంత విన్నది. ఇప్పుడెట్ల కాదంటం?"

"అయితే ఎంటనే పోదాం పా. ఏడనన్న ఇడిసిపెడ్తదేమో."

ఒకరిని మెచ్చుకుని మిగతావాళ్లను వదిలేస్తే చిన్నబుచ్చుకుంటారని దొరసాని దారిపొడుగునా మెచ్చుకుంటూ నడిచింది. ఆండాలు ఇత్తడి బిందె బాగుందంది. శివయ్య నులక మంచం బాగుందంది. అలవాటైన నోళ్లు కదా, ఇద్దరూ "మీదే" అన్నారు. బిందె ఆమె చంకనెక్కింది, మంచం బర్రె వీపునెక్కింది. మాట వెనక్కి తీసుకోలేక, సొత్తు వదులుకోలేక వాళ్లు పిల్లాజెల్లాతో వెనకే నడిచారు. ఏదో పంచుతున్నారనుకుని మిగతా గల్లీ కూడా కదిలింది.

సాయంత్రం రావలసిన పెద్దదొర అప్పుడే బడి ముందు జట్కా దిగాడు. చక్కెర పొట్లంతో వచ్చిన సుశీలమ్మ ఊరేగింపును చూసి తల పట్టుకుంది.

"అయ్యో దొరసానమ్మా! అది మర్యాదకు అనే మాట. 'మీ దగ్గర్నే ఉండనియ్యున్రి' అని మనం చేతులు జోడించాలె. గంతే!"

దొరసాని ముఖం ఎర్రబడింది. పదేళ్ల పాఠం శాలిబండలో ఒక్క పూట కూడా పనికి రాలేదు. సిగ్గుతో పలుపు బీరయ్య చేతిలో పెట్టి, "క్షమించుడి" అంది. అతను ఆ పలుపును కళ్లకద్దుకున్నాడు.

రుక్మాబాయి మాత్రం కదల్లేదు. తలుపులోంచి కొత్త బల్లలను, గోడ మీది బొమ్మలను చూస్తూ నిలబడింది.

"మీ బడి మస్తుంది, దొరసానమ్మా."

ఈసారి దొరసాని తడబడలేదు. "మీదే అనుకొనుడి" అని, ఆమె మర్యాదగా వద్దంటుందని ఎదురుచూసింది.

"అట్లనే తీస్కుంటం. మీరు బర్రెను తోల్కరాలే?" అంది రుక్మాబాయి. కూతుళ్లిద్దరినీ రెక్క పట్టుకుని తీసుకెళ్లి ముందు బల్ల మీద కూర్చోబెట్టింది.

అది చూసి ఆండాలు తన పిల్లను, శివయ్య మనవరాళ్లను లోపలికి తోశారు. గల్లీలో ఇక ఆడపిల్ల మిగల్లేదు. బల్లలు నిండిపోయి, చివరివాళ్లు శివయ్య మంచం మీదే సర్దుకున్నారు. దొరసాని అందరి ముందూ ఏడ్చేసింది, ఆ వెంటనే నవ్వేసింది.

పెద్దదొర బడికి వేయడానికి తెచ్చిన తాళాన్ని మళ్లీ జేబులో వేసుకుని, సంతోషం పట్టలేక వాకిట్లోకి వచ్చాడు. "ఈ బర్రె చాలా బాగున్నది!" అన్నాడు.

గల్లీ అంతా బీరయ్య వైపు తిరిగింది. బీరయ్య పలుపును చేతికి ఇంకో చుట్టు చుట్టుకుని ఆకాశం కేసి చూశాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతను మర్యాద మరిచిపోయాడు.