మారెన్ వార్తలు, వెండెల్ కంచె

ఆ రోజు వెండెల్ హాల్వర్సన్ పెట్టుకున్న పని ఒక్కటే. ఊళ్ళోకి దాణా కోసం వెళ్తూ, పన్నెండింటికి ట్రక్కు రేడియోలో మనవరాలి గొంతు వినడం. విస్కాన్సిన్‌లో వాళ్ళ చిన్న ఊరి ఏఎం స్టేషన్‌లో మారెన్ మొదటిసారి రైతుల వార్తలు చదవబోతోంది. "తాతయ్యా, అందరూ బాగుందనే అంటారు. ఎక్కడ తడబడ్డానో నువ్వే నిజం చెప్పాలి" అని పొద్దున్నే ఫోన్ చేసి ఒట్టు వేయించుకుంది. పోయిన నెల చర్చిలో ఆ పిల్ల పాడిన పాట వినకుండానే "అద్భుతం!" అని కోసిన కోత బయటపడి ముసలాయన పరువు పోయింది. ఇంకోసారి దొరికితే ఆ పిల్ల ముఖం చూడలేడు.

పదకొండున్నరకి భార్య ఆర్లిస్‌ని ఎక్కించుకుని బయల్దేరి రేడియో పెట్టాడు. మాటా లేదు, పాటా లేదు. సెకనుకోసారి టక్, టక్ అని ఒకటే గోల.

"నీ ఫోన్ చార్జరే. పీకు," అంది ఆర్లిస్.

పీకాడు. టక్. ముందు అద్దానికి తగిలించిన కెమెరా వైరు పీకాడు. టక్. చివరికి రోడ్డు పక్కన ఆగి ఇంజనే ఆపేశాడు. అయినా టక్, టక్.

"జబ్బు మన బండిలో లేదే! ఎక్కడో కరెంటు కంచెకి తడిగడ్డి తగిలి రవ్వలు కొడుతోంది, ఆ గోలే రేడియోలోకి వస్తోంది. ఇంకెవడు, క్లారెన్స్ కంచే!"

పక్క పొలం క్లారెన్స్‌తో వెండెల్‌కి ముప్ఫై ఏళ్ళుగా గట్టు తగాదా. అందుకని వేరే ఆధారం అక్కర్లేకపోయింది. తీరా వెళ్తే క్లారెన్స్ ఇంట్లో లేడు. ఫోన్ చేద్దామంటే, చార్జర్ పీకిన ఫోన్ ఎప్పుడో చచ్చింది.

"అడక్కుండా వాళ్ళ కంచె ఆపుతావా? బుద్ధుందా నీకు?"

"పది నిమిషాలేనే! పిల్ల చదవగానే మళ్ళీ వేసేస్తా."

గేటు తీసుకుని లోపలికి పరిగెత్తి, కొట్టం గోడకున్న మీట నొక్కి, రొప్పుతూ వచ్చి ట్రక్కెక్కాడు.

టక్, టక్.

ఆర్లిస్ కిటికీలోంచి తమ పొలం వైపు చూసింది.

"మన కంచె సంగతేమిటి?" అంది.

"మనదా? ఈస్టర్‌కే దాని కింద గడ్డి మొత్తం కోసేశానుగా!"

"ఏ ఈస్టర్‌కి?"

వెండెల్ ట్రక్కు ఇంటికి తిప్పాడు. తన కంచె మీట ఆపేసరికి గోల ఠక్కున ఆగింది. అప్పటికి పన్నెండూ ఐదు. మారెన్ గొంతు గాజులా తేటగా వచ్చింది. పాల ధర చదివింది, మొక్కజొన్న ధర చదివింది. "నా బంగారు తల్లే!" అని కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇప్పుడే అందిన వార్త. క్లారెన్స్ బెర్గ్ గారి ఆవులు నలభై దాకా రోడ్డెక్కి, చర్చి మలుపులో పాల లారీని ఆపేశాయి."

వెండెల్ తొడ చరిచాడు. "చూశావా! వాడికి గేటు వేసే అలవాటే లేదని నేను మొత్తుకుంటూనే ఉన్నా!"

ఆర్లిస్ నెమ్మదిగా ఆయన వైపు తిరిగింది. "ఇవాళ ఆ గేటు తీసిందెవరు?"

వెండెల్ చెయ్యి తొడ మీదే ఉండిపోయింది. తీసిన గేటు మూయాలని పాడి రైతుల పిల్లలకి నడక రాకముందే నేర్పుతారు. డెబ్భై ఏళ్ళలో మొదటిసారి మరిచిపోయాడు.

"గేటు తీసి వెళ్ళిన ట్రక్కును చూసినవాళ్ళున్నారు. ఆకుపచ్చ రంగు, ఎడమ తలుపు మాత్రం తెలుపు..." మారెన్ ఆగింది. కాగితం కదిలిన చప్పుడు కూడా చక్కగా వినిపించింది. "అది వె... వెండెల్ హాల్వర్సన్ గారిదని తెలిసింది. ఆయన ఫోన్ పలకడం లేదు. వింటుంటే వెంటనే రావాలని మనవి."

ఆవుల్ని తోలేసరికి సాయంత్రమైంది. క్లారెన్స్ ఒక్క తిట్టూ తిట్టలేదు. "మీ మనవరాలు బాగా చదివిందయ్యా" అన్నాడంతే. తిట్టినా బాగుండేదనిపించింది వెండెల్‌కి.

ఇంటికొచ్చేసరికి మారెన్ ఫోన్. "నిజం చెప్పు తాతయ్యా. తడబడ్డానా?"

"ధరలన్నీ ముత్యాల్లా చదివావు తల్లీ. ఒక్కచోటే తడబడ్డావు. నా పేరు దగ్గర."

ఈసారి ఆయన విన్నాడో లేదోనన్న అనుమానం ఎవరికీ రాలేదు.